ఊరు పోయినోళ్ల లెక్క

గోదావరిఖనిలో ఎవరినైనా ‘మీదే ఊరన్నా?’ అని అడగండి. నలభై ఏళ్లుగా ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉంటున్న మనిషి కూడా ఖని పేరు చెప్పడు. హుజూరాబాద్ అవతల ఓ పల్లె పేరో, వరంగల్ దిక్కు ఓ తండా పేరో చెబుతాడు. తాత గోరఖ్‌పూర్ నుంచి కూలీల గుంపులో వచ్చాడని చెప్పుకునే ఇళ్లూ కోల్‌బెల్టులో ఉన్నాయి. రామగిరి, కమాన్‌పూర్ వైపు వెళ్లి అడిగితే జవాబు వేరు. ఊరి పేరు ఠక్కున చెప్పి, ఆ వెంటనే ‘ఇప్పుడు లేదు, ఓసీపీల పోయింది’ అంటారు.

ఒకరికి తలదాచుకునే చోటైన నేలే ఇంకొకరికి పోయిన ఊరు. ఈ రెండు మాటలూ పక్కపక్కనే వింటూ పెరిగిన ప్రాంతం ఇది. యూదులకూ పాలస్తీనీయులకూ నూరేళ్లుగా తెగని తగాదాలో అసలు ముడి ఎక్కడుందో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు. పైగా అది టీవీలో చూసే గొడవగానూ మిగల్లేదు. ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల మనుషులు ఏళ్ల తరబడి ఇజ్రాయెల్‌లో పని చేస్తున్నారు.

బాయి పెట్టిన బువ్వ

ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు జాడ పట్టింది 1871లో. రామగుండంలో గనులు తెరుచుకునే సరికి 1960లు వచ్చాయి. గని తెరిచారనగానే మనుషులు వచ్చారు. కరువుకు తాళలేక వచ్చినవాళ్లున్నారు. దొర గడీలో వెట్టి చేయలేక రాత్రికి రాత్రి బయల్దేరినవాళ్లున్నారు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించాక పల్లెల్లో నిలవలేక వచ్చిన పడుచువాళ్లూ ఉన్నారు. తట్టా చెమ్మాసూ పట్టుకుని భూమిలోకి దిగారు. పైకప్పు కూలుతుందన్న భయం రోజూ ఉండేదే. కానీ దొర ఎదురైతే చెప్పులు చేతబట్టుకుని నిలబడే గతి ఇక్కడ లేదు. నెల తిరిగితే జీతం చేతికొచ్చేది. 1990ల మొదట్లో సింగరేణి కంపెనీ మస్టర్లలో 1.16 లక్షల పేర్లుండేవి. ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నాయి.

క్వార్టర్ దొరకనివాళ్లు కంపెనీ భూమిలోనే గుడిసె వేశారు. తర్వాత రేకులొచ్చాయి, ఆ తర్వాత స్లాబు పడింది. కరెంటు బిల్లు ఉంది, ఇంటిపన్ను రసీదు ఉంది, పట్టా మాత్రం లేదు. 2019లో జీవో 76 వచ్చి ఈ ఇళ్లను క్రమబద్ధం చేస్తామనే దాకా రెండు తరాలు ఆ భయంతోనే కాపురం చేశాయి. ‘ఇది మీ జాగ కాదు, మీ ఊరికి మీరు పొండి’ అని ఎవరైనా అంటే పోవడానికి వాళ్లకు ఊరేది? తాత వదిలి వచ్చింది దొర ఊరు.

ఊరి మీద మట్టికుప్ప

బొగ్గును లోపలి నుంచి తోడిన రోజుల్లో పైన ఊరు ఊరుగానే ఉండేది. ఓపెన్‌కాస్ట్ ప్రాజెక్టులో, అంటే ఓసీపీలో, అలా కుదరదు. పైనున్నదంతా ఎత్తేస్తేనే కిందున్నది దొరుకుతుంది. మేడిపల్లి అంటే ఇప్పుడు చాలామందికి ముందు గని గుర్తొస్తుంది, తర్వాతే పల్లె. ఓసీపీ-2 విస్తరణకు లద్నాపూర్‌ను తీసుకున్నారు.

ఊరు ఒక్కరోజులో పోదు. మొదట బ్లాస్టింగుకు గోడ బీటలిస్తుంది. ఎట్లాగూ పోయే ఇల్లే కదా అని ఎవరూ ఆ బీటలో సిమెంటు పెట్టించరు. పెళ్లి జరిగినా సున్నం వేయించరు. కొలతలవాళ్లు వచ్చి దర్వాజాలు, దూలాలు, బోరు, మామిడిచెట్టు అన్నీ రాసుకుపోతారు. మరి బొడ్రాయికి ఏ రేటు కట్టాలి? 2013 భూసేకరణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషినీ వేరే కుటుంబంగా లెక్కించమంది. దాంతో పంచాయితీ అంతా కటాఫ్ తేదీ మీదికి వచ్చింది. వారం ముందు పద్దెనిమిది నిండిన అన్నకు ప్యాకేజీ ఉంటుంది, తమ్ముడికి ఉండదు. ఒకే కంచంలో తిన్నవాళ్లలో ఒకడు నిర్వాసితుడు, ఇంకొకడు కాడు. చివరికి ప్లాట్లు ఇచ్చిన చోటికి తలోదారి పడతారు. ఊరున్న చోట గుంత పడుతుంది, లేదంటే మట్టికుప్ప లేస్తుంది.

ఇదీ పాలస్తీనా ఒకటేనని నేననడం లేదు. ఇక్కడ పరిహారం ఉంది, కోర్టు ఉంది, అయిదేళ్లకోసారి ఓటుంది. బొగ్గు తీయడానికి ఊరు తీశారు గానీ, ఆ మనుషుల జాతిని చూసి తీయలేదు. ఒకటి మాత్రం కలుస్తుంది: ఊరు పోయినవాడి నోరు మూయించడానికి వాడే మాట. ‘వేరే చోట ప్లాటిచ్చారుగా, ఇంకేం కావాలి?’ అని ఇక్కడంటారు. ‘అన్ని అరబ్ దేశాలున్నాయిగా, ఎక్కడో ఓ చోట సర్దుకోలేరా?’ అని అక్కడంటారు. ‘యూరప్ నుంచి వచ్చారుగా, అక్కడికే పొండి’ అని యూదులతో అనేవాళ్లూ తక్కువేం కాదు. ఆ మాటకూ, గుడిసెవాణ్ని దొర ఊరికి పొమ్మనడానికీ పెద్ద తేడా లేదు.

తలుపులు మూసిన ప్రపంచం

యూదుల వాదాన్ని తేలిగ్గా కొట్టేసేవాళ్లు 1938 జూలైని తలుచుకోవాలి. హిట్లర్ పాలన నుంచి పారిపోతున్న వాళ్లకు చోటెవరిస్తారని ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చున్నాయి. డొమినికన్ రిపబ్లిక్‌ను పక్కనపెడితే దాదాపు అందరూ జాలి పడి తలుపేసుకున్నారు. మరుసటి ఏడాది సెయింట్ లూయిస్ ఓడలో 900 మందికి పైగా క్యూబా తీరం దాకా వెళ్లి, దిగనీయక, యూరప్‌కే తిరిగొచ్చారు. ఆ తర్వాత యూరప్ అంతటా 60 లక్షల మందిని చంపేశారు. అలాంటివాళ్లు ఎవరి దయా అక్కర్లేని గడ్డ ఒకటి కావాలనుకుంటే తప్పెలా పడతాం? జెరూసలేంతో వాళ్ల బంధమూ నిన్నమొన్న అల్లిన కథ కాదు.

గాంధీజీ 1938 నవంబరులో ‘హరిజన్’లో దీని మీద రాశారు. యూదుల మీద సానుభూతి ఉన్నంత మాత్రాన అరబ్బుల నేలను వాళ్లకు కట్టబెట్టడం న్యాయం కాదన్నారు. అక్కడిదాకా చూపు సూటిగా ఉంది. అదే వ్యాసంలో జర్మనీ యూదులకు సత్యాగ్రహం సలహా ఇచ్చారు. తర్వాత ఏం జరిగిందో తెలిసిన మనకు అది చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. అన్యాయం ఎవరికి జరగబోతోందో చెప్పగలిగారు గానీ, ప్రాణం మీదికొచ్చినవాడు ఎటు పోవాలో చెప్పలేకపోయారు. ఆ మాటకొస్తే అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

యూరప్ చేసిన పాపానికి మూల్యం చెల్లించింది పాలస్తీనా పల్లెలు. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితిలో విభజనకు అనుకూలంగా 33 ఓట్లు, వ్యతిరేకంగా 13 పడ్డాయి. ఆ 13లో ఇండియా ఓటు ఒకటి. తర్వాతి యుద్ధంలో 7 లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు విడిచారు, 400కు పైగా పల్లెలు ఖాళీ అయ్యాయి. ఆ పైన రెండు మూడు దశాబ్దాల్లో అరబ్ దేశాల నుంచి దాదాపు 8 లక్షల మంది యూదులు మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది ఇజ్రాయెల్‌కే చేరారు. తిరిగొచ్చి ఇరుగుపొరుగుతో శాంతిగా ఉంటామనే శరణార్థులను రానివ్వాలని 1948 డిసెంబరు 11 నాటి 194వ తీర్మానం చెప్పింది. అది కాగితం దాటలేదు. 1950లో ఇజ్రాయెల్ రెండు చట్టాలు చేసింది. ఒకటి ప్రపంచంలో ఏ మూలనున్న యూదుడికైనా తలుపు తెరిచింది. రెండోది ఊళ్లు విడిచిన పాలస్తీనీయులను ‘గైర్హాజరు’ కింద రాసి, వాళ్ల ఇళ్లనూ పొలాలనూ కస్టోడియన్‌కు అప్పజెప్పింది.

కొత్తరెడ్డిపాలెం కల

ఈ తలుపు ముందు నిలబడ్డవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రం యూదులమని, బెనె ఎఫ్రాయిమ్‌లమని చెప్పుకుంటాయి. అంతకుముందు బాప్టిస్టులు, పుట్టుకకు మాదిగలు. యాకోబి సోదరుల చొరవతో 1990ల మొదట్లో సినగాగ్ కట్టుకున్నారు. శనివారం సబ్బాతు పాటిస్తారు, హిబ్రూ నేర్చుకుంటారు, ఇంటి మాట మాత్రం తెలుగే. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ల మీద 2013లో ఒక పుస్తకమే తెచ్చారు.

వంశవృక్షం నిజమా కాదా అన్న విచారణ నాకు పెద్దగా రుచించదు. పుట్టిన ఊళ్లోనే తరతరాలుగా వాడ అవతల ఉంచినవాడు, నా ఊరు ఇది కాదు, ఇంకెక్కడో ఉందనుకుంటే ఆ నేరం ఎవరిది? ఇజ్రాయెల్ మాత్రం వీళ్లను ఇంకా గుర్తించలేదు.

మణిపూర్, మిజోరంలకు చెందిన బ్నె మెనాషే వాళ్ల దారి వేరుగా సాగింది. 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ వాళ్లను గుర్తించారు. 2030 నాటికి మరో 5,800 మందిని తీసుకెళ్లాలని 2025 నవంబరులో అక్కడి ప్రభుత్వం తీర్మానించింది. ముందుగా వెళ్లినవాళ్లలో కొందరిని గాజాలో అప్పుడున్న గుష్ కతీఫ్‌లో, హెబ్రోన్ పక్కన కిర్యత్ అర్బాలో కాపురం పెట్టించారు. రెండూ పాలస్తీనా నేల మీది సెటిల్‌మెంట్లే. మన ఈశాన్య కొండల మనిషికి అక్కడ ఇల్లు దొరికింది. 1948లో హైఫా వదిలిన ఇంటి మనవడు హైఫాలో కాపురానికి వస్తానంటే దారి లేదు. 1950 నాటి ఆ రెండు చట్టాల్లోని అన్యాయాన్ని ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకరికి ఆశ్రయం ఇవ్వడంలో తప్పు లేదు. ఉన్నవాణ్ని లేడని రాసి ఇవ్వడం తప్పు.

ఖాళీ అయిన పని

తెలంగాణ నుంచి ఆ నేలకు వెళ్లినవాళ్లలో ఇప్పటివాళ్లు మొదటివాళ్లేం కాదు. 1918 సెప్టెంబరు 23న హైఫాను తుర్కుల నుంచి గెలిచిన భారత అశ్విక బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూరు దళాలతో పాటు నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఇప్పుడు పోయేవాళ్లు ఎక్కువగా కేర్‌గివర్లు. మంచాన పడ్డ ముసలివాళ్లను ఎత్తి కూర్చోబెట్టి, స్నానం చేయించి, మందులిచ్చే పని. ఏజెంటుకు లక్షలు పోసి, ఆ అప్పు తీరే దాకా ఇంటి ముఖం చూడరు.

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా ఎత్తుకుపోయారు. తర్వాతి యుద్ధంలో గాజా మృతులు అక్కడి ఆరోగ్యశాఖ లెక్కలో 60 వేలు దాటారు. దాడికి ముందు లక్షన్నరకు పైగా పాలస్తీనీయులు ఇజ్రాయెల్‌లో కూలికి వచ్చేవాళ్లు, అందులో పెద్ద భాగం ఇళ్ల కట్టుబడి పనే. దాడి తర్వాత వాళ్ల పర్మిట్లు ఆపేశారు. ఆ ఖాళీలోకి మనవాళ్లను పిలిచారు. 2023 నవంబరులో రెండు ప్రభుత్వాలకు ఒప్పందం కుదిరింది. 2024 మేలో హైదరాబాద్‌లో ఎంపికలు జరిగాయి. షట్టరింగ్, ఐరన్ బెండింగ్, ప్లాస్టరింగ్, టైల్స్ పనులకు నెలకు 1.37 లక్షల రూపాయలన్నారు.

బాయిల కొలువు లేని ఇంటి పిల్లగాణ్ని పోవద్దనే హక్కు నాకు లేదు. ఆ జీతం ఇక్కడ ఎవరిస్తారు? అయితే తమ్ముడూ, సంతకం పెట్టే ముందు పనిచోటు ఏ ఊరో కాంట్రాక్టులో రాయించుకో. హైఫా, టెల్ అవీవ్ అయితే అది ఒక దేశం తన హద్దులో కట్టుకునే ఇల్లు. వెస్ట్ బ్యాంక్ సెటిల్‌మెంట్ అయితే కాదు. అవి చట్టవిరుద్ధమని, వాటిని నిలబెట్టడానికి ఏ దేశమూ సాయపడకూడదని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జూలై 19న చెప్పింది. ఆ చిరునామా ఉన్న కాగితం మీద సంతకం పెట్టకు. ఎంపికలు నడిపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జీతం అంకె పక్కనే పనిచోటు పేరు అచ్చేయాలి.