పెరటి మొక్కకు పులియబెట్టిన నీళ్లు



మన హాస్టల్ వెనక వంటగది నీళ్లు పారే జాగా మీకు గుర్తుండే ఉంటుంది. మేము తొమ్మిదో తరగతిలో అక్కడ నాలుగు మళ్లు కట్టి వంగ, టమాటా, గోంగూర, తోటకూర వేశాం. ఎరువు కొనే స్తోమత లేదు. మా ఇళ్లలో యూరియా బస్తా అంటే దుకాణం ఖాతాలో ఇంకో గీత. అప్పుడే జీవామృతం గురించి విన్నాం.

విదేశాల్లో దీనికి దగ్గరి బంధువును కంపోస్టు టీ అంటారు. మాగిన కంపోస్టును నీళ్లలో నానబెట్టి, గాలి ఊది, వడకట్టి మొక్కలకు పోస్తారు. మన దగ్గర పేడ, మూత్రం, బెల్లం కలిపే పద్ధతిని మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ ప్రచారం చేశారు. 2016 నుంచి రైతు సాధికార సంస్థ దాన్ని మన రాష్ట్రంలో ఊరూరికీ తీసుకెళ్లింది. ఎకరానికి లెక్క 200 లీటర్లు. మన పెరటికి అంత అక్కరలేదు కాబట్టి పదో వంతు చేసుకుందాం.

పాత పెయింటు డబ్బాలో 20 లీటర్ల నీళ్లు పోయాలి. అందులో కిలో తాజా ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల నల్లబెల్లం, 200 గ్రాముల పప్పుల పిండి, మందు కొట్టని గట్టు మీది మట్టి గుప్పెడు వేయాలి. నీడలో పెట్టి గోనెపట్టా కప్పి, ఉదయం సాయంత్రం కర్రతో తిప్పాలి. రెండు రోజులకు తయారవుతుంది. పేడలోనూ మట్టిలోనూ ఉన్న సూక్ష్మజీవులకు బెల్లం, పిండి తిండి. అవి తిని లక్షల్లో పెరుగుతాయి. తిప్పడం వాటికి గాలి అందడానికే. పులిసిన వాసన వస్తే మంచిదే. కుళ్లు కంపు కొడితే పారబోయాలి. వారంలోగా వాడేయాలి.

మా మొదటి డబ్బా కుళ్లిపోయింది. తలా రెండు రూపాయలు వేసుకుని బెల్లం కొన్నాం. మూత గట్టిగా బిగించి దసరా సెలవులకు ఇళ్లకు పోయాం. పది రోజుల తర్వాత మూత తీస్తే వంట అక్క ముక్కు మూసుకుని పరిగెత్తింది. బెల్లం డబ్బులు పోతాయని ఆ నీళ్లే నేరుగా టమాటా నారుకు పోశాం. మూడో రోజుకు ఒక్క మొక్క మిగల్లేదు.

కాలాన్ని బట్టి పద్ధతి మారుతుంది. ఎండాకాలంలో తొందరగా పులుస్తుంది కనుక రెండో రోజే చూసుకోవాలి. పొద్దు వాలాక, ముందు మామూలు నీళ్లతో మడి తడిపి, ఆ తర్వాత పోయాలి. పైన ఎండుటాకులు, పత్తికట్టె తుక్కు పరిస్తే తడి నిలుస్తుంది. వానాకాలంలో మన నల్లరేగడి నీరు పట్టి బిగుసుకుంటుంది. ఆ బురదలో పోస్తే వేరు ఊపిరాడక చస్తుంది. వాన వెలిసి, అడుగు పెడితే మట్టి అంటుకోనంత ఆరాక పోయాలి. చలికాలంలో పులియడానికి ఇంకో రోజు రెండు రోజులు పడుతుంది. మన కూరగాయల మళ్లకు అసలు పని అప్పుడే, పదిహేను రోజులకొకసారి. ఆకుల మీద చల్లాలంటే గుడ్డతో వడకట్టి, ఒక చెంబుకు పది చెంబుల నీళ్లు కలపాలి.

ఆకుకూరల మీద మాత్రం చల్లవద్దు. తీపి కలిపితే పేడలోని రోగకారక బాక్టీరియా కూడా పెరగవచ్చని 2004లోనే అమెరికా సేంద్రియ ప్రమాణాల బోర్డు నియమించిన బృందం హెచ్చరించింది. బెల్లం తీపే కదా! కొత్తిమీర, టమాటా లాంటి పచ్చిగా తినేవాటికి మేమైతే కాపుకొచ్చాక అసలు పోయం. కలిపాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాం. మాలో ఒకరి నాన్న ఎకరం మిరప కౌలుకు చేసేవారు. మన మళ్లలో వంగ కాపు చూసి, మా మాట నమ్మి, ఆ ఏడు బస్తా ఎరువు పూర్తిగా మానేశారు. పశువుల ఎరువు కూడా తోలలేదు. జీవామృతం ఒక్కటే పారించారు. చేను పసుపు తిరిగింది. కాయ సన్నగిల్లింది. కౌలు బాకీ పడింది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ.

తప్పెక్కడో డిగ్రీకొచ్చాక అర్థమైంది. కిలో పచ్చి పేడలో నత్రజని నాలుగైదు గ్రాములకు మించదు. కిలో యూరియాలో 460 గ్రాములుంటుంది. మా వంగ కాసింది డబ్బా నీళ్ల వల్ల మాత్రమే కాదు, ఏళ్ల తరబడి వంటగది తుక్కు, గంజి పడిన నేల అది. జీవామృతం మట్టిలో ఉన్నదాన్ని కదిలిస్తుంది కానీ లేనిదాన్ని తేలేదు. కాబట్టి కూరగాయల తొక్కలకు ఒక గుంత తీసి, మాగిన కంపోస్టు మడికి వేస్తూ, దానితో పాటే ఈ నీళ్లు పోయాలి. చేనుకైతే ముందు మట్టి పరీక్ష చేయించి, పశువుల ఎరువు తోలి, ఒక మూల పది సెంట్లలో చూసి, తర్వాతే రసాయన ఎరువు కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఇంకో మాట, ఇది పురుగుమందు కాదు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటల్ని పీల్చేసిన సంగతి మన ఇళ్లలో ఎవరూ మరిచిపోలేదు. అలాంటి దాన్ని ఈ నీళ్లు ఆపుతాయని ఎవరైనా అంటే నమ్మకండి.

మొన్న పీజీ సెలవులకు వచ్చినప్పుడు పెరట్లోకి వెళ్లి చూశాం. మా పెయింటు డబ్బా ఇంకా ఉంది. అడుగు చిల్లు పడితే ఎవరో తమ్ముళ్లు మట్టి నింపి కరివేపాకు మొక్క నాటారు. నడుమెత్తు పెరిగింది.