సెక్షన్లు మారాయి... వకీల్ సాబ్ అప్‌డేట్ అయ్యారా?

మోసం చేసేవాణ్ని మనం ఇప్పటికీ 'ఫోర్ ట్వంటీ' అనే పిలుస్తాం. కానీ కొత్త చట్టంలో ఆ నంబరే లేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 358 సెక్షన్లతో ముగిసిపోతుంది. మోసం 318కి వెళ్లింది. హత్య అంటే 302 అని సినిమాలు నేర్పాయి కదా, అది 103 అయింది. ఇప్పుడు 302 తెరిస్తే మత విశ్వాసాలను గాయపరిచే మాటల గురించి ఉంటుంది.

మనకైతే ఇదో క్విజ్ ప్రశ్న. నల్గొండ, మహబూబ్‌నగర్ కోర్టుల్లో నిందితుల తరఫున నిలబడే వకీళ్లకు మాత్రం ఇరవై, ముప్పై ఏళ్లుగా కంఠతా వచ్చిన పాఠం ఒక్క రాత్రిలో మారిపోయింది. వాళ్లు మళ్లీ చదువుకున్నారా లేదా అన్నది వాళ్ల సొంత విషయం అనుకుంటాం. కాదు. ఆ చదువు మీద జైల్లో ఉన్న మనిషి రోజులు ఆధారపడి ఉంటాయి.

రెండు వెర్షన్లూ లైవ్‌లోనే

మా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్త వెర్షన్ వస్తే కొన్నాళ్లకు పాతదాన్ని ఆపేస్తాం. కోర్టులో అలా కుదరదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి పాత ఐపీసీయే వర్తిస్తుంది.

మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న జరిగిన ప్రణయ్ హత్య కేసునే తీసుకోండి. నల్గొండ కోర్టు 2025 మార్చి 10న తీర్పు ఇచ్చింది. ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం. అప్పటికి కొత్త చట్టం వచ్చి ఎనిమిది నెలలు దాటింది. అయినా ఆ హత్యకు లెక్క పాత చట్టమే. అంటే ఒకే వకీలు పొద్దున పాత పుస్తకంతో, మధ్యాహ్నం కొత్త పుస్తకంతో వాదించాలి.

నంబర్లు కూడా తికమక పెడతాయి. పాత సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్లే దారి. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిల్. కొట్టివేత ఇప్పుడు 528.

ఒక్క రోజు తేడాతో

నంబర్లు మారడం చిన్న సమస్య. యాప్‌లో వెతికితే దొరుకుతాయి. ఎన్‌సీఆర్‌బీ తెచ్చిన 'సంకలన్' యాప్ ఆ పని ఉచితంగా చేస్తుంది. అసలు సమస్య రూల్స్ మారడం.

రిమాండ్‌లో ఉన్న వ్యక్తిపై పోలీసులు 60 రోజుల్లో చార్జిషీట్ వేయాలి. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకుమించి జైలు పడే నేరాలైతే 90 రోజులు. గడువు దాటితే బెయిల్ హక్కు అవుతుంది. అయితే చార్జిషీట్ పడేలోపే వకీలు అడగాలి. అడగకపోతే ఆ హక్కు పోతుంది. రిమాండ్ చేసిన రోజును లెక్కలో కలపాలా, వద్దా? కలపాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. ఆ తీర్పు చదవని వకీలు ఒక రోజు ఆలస్యంగా వెళ్తే, ఆ ఒక్క రోజులో చార్జిషీట్ పడితే? క్లయింట్ లోపలే ఉండిపోవచ్చు.

ఇంకోటి. పోలీసు కస్టడీ మొదటి 15 రోజుల్లోనే అయిపోవాలన్నది పాత లెక్క. ఇప్పుడు ఆ 15 రోజులను ముక్కలుగా, కేసును బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా అడగొచ్చు. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలని, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపిన విచారణ ఖైదీకి బెయిల్ ఇవ్వాలని సెక్షన్ 479 చెబుతోంది. ఉరి, యావజ్జీవ నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. పాత ఖైదీలకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఫోన్‌లోని సాక్ష్యం

ఇక్కడ నాకు తెలిసిన సబ్జెక్ట్ వచ్చింది. వాట్సాప్ చాట్, సీసీ కెమెరా వీడియో కోర్టులో సాక్ష్యం కావాలంటే కొత్త సాక్ష్య అధినియంలోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైల్ 'హ్యాష్ విలువ' రాయాలి. హ్యాష్ అంటే ఫైల్ వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క అక్షరం మారినా అది పూర్తిగా మారిపోతుంది.

సర్టిఫికెట్ ఫారంలో ఎస్‌హెచ్‌ఏ-256తో పాటు ఎస్‌హెచ్‌ఏ-1, ఎండీ5 కూడా ఉన్నాయి. కానీ ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 విలువ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను తయారుచేసి 2017లోనే పరిశోధకులు చూపించారు. ఎండీ5 అంతకంటే ముందే బలహీనమని తేలింది. అంతమాత్రాన ప్రతి వీడియో నకిలీ అని కాదు. హ్యాష్ ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు, ఏ పద్ధతిలో తీశారు అని అడగగలిగే వకీలు ఉంటేనే నిజం బయటికొస్తుంది.

ఎవరు నేర్పాలి?

జడ్జిలకు సికింద్రాబాద్‌లో జ్యుడీషియల్ అకాడమీ ఉంది. పోలీసులకు వాళ్ల అకాడమీ ఉంది. వకీలుకు? ఒకసారి ఎన్‌రోల్ అయి, ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసైతే చాలు. ఆ తర్వాత ఇన్ని గంటలు చదవాల్సిందే అన్న నిబంధన మన దేశంలో లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో మూడేళ్లకు 25 గంటలు, న్యూయార్క్‌లో అనుభవజ్ఞులకు రెండేళ్లకు 24 గంటల శిక్షణ తప్పనిసరి.

పెద్ద కేసుల్లో కోర్టు నియమించే వకీలుకు కనీసం పదేళ్ల అనుభవం ఉండాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. మంచిదే. కానీ ఇవాళ పదేళ్ల అనుభవమంటే అందులో ఎక్కువ భాగం పాత చట్టంలోదే!

2022 జూన్‌లో కొత్త జిల్లా కోర్టులు వచ్చాక సూర్యాపేట, గద్వాల, వనపర్తి, నారాయణపేటల్లోనే కేసులు నడుస్తున్నాయి. కక్షిదారుకు కోర్టు దగ్గరైంది. వకీలుకు శిక్షణ దగ్గర కాలేదు. హైదరాబాద్‌లో సెమినార్‌కి వెళ్లాలంటే జూనియర్‌కి ఆ రోజు వాయిదాలూ పోతాయి, ఫీజూ పోతుంది. కాబట్టి క్లాసే బార్ అసోసియేషన్ హాల్‌కి రావాలి. నెలకో శనివారం సాయంత్రం, రెండు కొత్త తీర్పులు, తెలుగులో చర్చ. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

మీరేం చేయొచ్చు?

మీ ఇంట్లోవాళ్లకో, ఫ్రెండ్‌కో కేసు తగిలితే వకీలును మర్యాదగానే మూడు అడగండి. నేరం తేదీని బట్టి ఏ చట్టం వర్తిస్తుంది సార్? రిమాండ్‌లో ఇవాళ ఎన్నో రోజు? ఫోన్ సాక్ష్యానికి హ్యాష్ సర్టిఫికెట్ ఉందా? వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబర్ 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆ వచ్చే వకీలుకు కూడా ఈ మూడు ప్రశ్నలే.