జారిన ఫైలు ఎక్కడ పడింది?

పిల్లలూ! మేడారం జాతర సంగతి మీకు తెలియనిది కాదు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి, 2019 నుంచి ములుగు జిల్లాలోకి వచ్చిన ఆ అడవి పల్లెకు రెండేళ్ళకొకసారి, మాఘమాసపు పౌర్ణమి రోజుల్లో, లక్షలాది జనం తరలివస్తారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చి గద్దెల మీద కొలువుదీరుతారు. మొక్కుకున్నవారు నిలువెత్తు బెల్లం తూచి ఇస్తారు. అక్కడ బెల్లాన్ని బెల్లమనరు, బంగారం అంటారు! జనం కిక్కిరిసినప్పుడు గద్దె దాకా పోలేనివారు కాస్త ఎడంగా నిలబడి బంగారం ముద్దను గద్దె మీదికి విసురుతారు. ముందు వరసలోని వారిది తిన్నగా పోయి పడుతుంది. వెనక వరసల వారికి అంత సులభం కాదు.

దూరం పెరిగితే గురి కష్టం. చేరవలసిన చోటు వెడల్పుగా ఉంటే గురి తేలిక. ఇది ఎవరూ చెప్పకుండానే మనకు తెలుసు. కాని మీ బడిలో కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు కూడా ఇదే సూత్రం పనిచేస్తుందని ఎప్పుడైనా ఆలోచించారా?

జాతరలో తీసిన ఫోటోలు పెన్‌డ్రైవులో తెచ్చుకున్నారనుకోండి. 'జంపన్నవాగు', 'చిలకలగుట్ట', 'గద్దెలు' అని మూడు ఫోల్డర్లు చేశారు. వాగు ఒడ్డున నిలబడ్డ నాయనమ్మ ఫోటోను మొదటి ఫోల్డరులో పెట్టాలి. మౌస్ బాణాన్ని ఫోటో మీద ఉంచి, ఎడమ బటను నొక్కి, ఆ నొక్కు సడలకుండా లాగుకుంటూ పోయి, ఫోల్డరు మీద వదలాలి. దీనికే 'డ్రాగ్ అండ్ డ్రాప్' అని పేరు. ఈడ్చుకుపోయి జారవిడవడం అన్నమాట. సగం దారిలో వేలు కాస్త సడలింది. ఫోటో మాయం! పక్కనున్న ఏ ఫోల్డరులో పడిందో తెలియదు. "నీ చేతికి కుదురు లేదు" అని పక్కవాడు నవ్వుతాడు. నిజంగా తప్పు చేతిదేనా?

ఈ ప్రశ్నకు జవాబు కంప్యూటరు తెరలు ఇళ్ళలోకీ బళ్ళలోకీ రాకముందే దొరికింది. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కొన్ని ప్రయోగాలు చేశాడు. రెండు లోహపు పలకలను ఎడంగా పెట్టి, చేతిలోని పుల్లతో ఒకసారి దీన్నీ, ఒకసారి దాన్నీ వీలైనంత వేగంగా తాకమన్నాడు. బెజ్జమున్న బిళ్ళలను ఒక మేకు నుంచి తీసి ఇంకో మేకుకు తొడగమన్నాడు. చూశారా, తెర లేని డ్రాగ్ అండ్ డ్రాప్! పలకల వెడల్పు మారుస్తూ, దూరం మారుస్తూ కాలాన్ని కొలిచాడు. తేలిందేమిటంటే, కాలం దూరాన్ని బట్టి మాత్రమే ఉండదు, వెడల్పును బట్టి మాత్రమే ఉండదు. దూరంలో వెడల్పు ఎన్నోవంతు అన్నదాన్ని బట్టి ఉంటుంది. దూరం రెట్టింపయినా వెడల్పు కూడా రెట్టింపయితే పట్టే కాలం ఇంచుమించు అంతే. దీన్ని ఫిట్స్ సూత్రం అంటారు.

మీరూ చేసి చూడవచ్చు. కాగితం మీద జానెడు దూరంలో రెండు రూపాయి బిళ్ళలంత సున్నాలు గీయండి. 15 సెకన్లలో పెన్సిలు మొనతో వాటిని ఎన్నిసార్లు మార్చి మార్చి తాకగలరో స్నేహితుణ్ణి లెక్కపెట్టమనండి. తర్వాత అంతే దూరంలో కందిగింజంత సున్నాలు గీసి మళ్ళీ చేయండి. ఇక అసలు తమాషా మూడోసారి: పెన్సిలుకు బదులు ఒక చిన్న గుండీని వేలితో అదిమి, వేలు ఎత్తకుండా కాగితం మీద జరుపుతూ ఒక సున్నా నుంచి ఇంకో సున్నాకు చేర్చండి. మూడు లెక్కలూ పక్కపక్కన రాసుకోండి.

మూడోసారి లెక్క ఎందుకు పడిపోయింది? ఒకే చెయ్యి రెండు పనులు చేయవలసి వచ్చింది. వేలు అదిమి ఉండాలి, మణికట్టు కదలాలి. అదుముతున్న కండరాల బిగువు కదలికను అడ్డుకుంటుంది. కదలిక హెచ్చితే అదుము సడలుతుంది. 1991లో మెకెంజీ, సెల్లెన్, బక్స్‌టన్ అనే ముగ్గురు పరిశోధకులు ఇదే విషయాన్ని కంప్యూటరు మీద కొలిచారు. మౌస్‌తోనూ, పలకమీద రాసే కలంతోనూ, బంతిని దొర్లించే ట్రాక్‌బాల్‌తోనూ చేయించి చూశారు. మూడింటిలోనూ ఊరకే చూపించడం కన్నా ఈడ్వడం నెమ్మది, తప్పులూ ఎక్కువే. కనుక పక్కవాడు నవ్వితే నవ్వనివ్వండి. తప్పు చేతిది కాదు, పనే కష్టమైనది.

మరి ఇంత కష్టమైన పద్ధతి ఎందుకు వచ్చింది? 1981లో జిరాక్స్ కంపెనీ 'స్టార్' అనే కంప్యూటరును తెచ్చింది. తెరమీద ఫైళ్ళూ ఫోల్డర్లూ బొమ్మలుగా కనబడేవి. కాని వాటిని ఈడ్చే పని లేదు. ఫైలును ఎంచి, 'జరుపు' అనే మీట నొక్కి, చేరవలసిన చోటు చూపిస్తే చాలు. ఆపిల్ కంపెనీ 1983లో లీసాను, 1984లో మాకింతోష్‌ను తెచ్చినప్పుడు ఈడ్చే పద్ధతి పెట్టింది. వస్తువును పట్టుకుని ఇంకో చోట పెట్టడం చంటిపిల్లవాడికి కూడా తెలిసిన పని కదా! మీట పేరు గుర్తుంచుకోనక్కరలేదు. అందుకే అది అందరికీ నచ్చింది. నేర్చుకోవడం తేలిక, చేయడం కష్టం. ఇలాంటి బేరం కంప్యూటర్లలో చాలా చోట్ల కనిపిస్తుంది.

ఆ కష్టాన్ని తగ్గించడానికి తెర వెనక చాలా ఉపాయాలు చేశారు. మీరు ఫైలు మీద క్లిక్ చేసినప్పుడు చెయ్యి కాస్త అదిరినా ఫైలు కదలదు. ఎందుకు? విండోస్‌లో మామూలుగా బాణం 4 పిక్సెళ్ళు (తెరమీది చుక్కలు) జరిగితేగాని దాన్ని 'ఈడ్వడం'గా లెక్కించరు. ఆ కాస్త ఓర్పు లేకపోతే ప్రతి క్లిక్కుకూ ఒక ఫైలు తప్పిపోయేదే! మాకింతోష్‌లో 1997 నుంచి ఇంకో ఉపాయం వచ్చింది. ఫైలును ఈడ్చుకొచ్చి ఫోల్డరు మీద కాసేపు నిలిపితే, ఆ ఫోల్డరు తనంతట తానే తెరుచుకుంటుంది. దాని లోపలి ఫోల్డరు మీద నిలిపితే అదీ తెరుచుకుంటుంది. చేతినిండా సామానుతో వచ్చినవాడికి తలుపు తీసినట్టు!

ఒక చిన్న సౌకర్యం పోతే ఏమవుతుందో కూడా చూశాం. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ 2014 నుంచి నడిపిస్తున్న మైక్రోసాఫ్ట్ సంస్థ 2021లో విండోస్ 11 విడుదల చేసింది. తెర అడుగున ఉండే పట్టీలోని బొమ్మ మీదికి ఫైలును ఈడ్చుకెళ్ళి, ఆ కిటికీ పైకి రాగానే అందులో వదలడం పాత విండోస్‌లలో ఉండేది. కొత్తదానిలో అది లేదు! ఆ పట్టీ ఎంత మంచి గురో ఫిట్స్ సూత్రం తెలిసిన మీకు చెప్పనక్కరలేదు. తెర అంచున ఉంది కనుక బాణం దాన్ని దాటిపోలేదు. వాడేవారు గట్టిగా అడిగారు. 2022లో వచ్చిన మార్పుతో అది తిరిగి వచ్చింది.

ఇక చేతి తప్పు కన్నా ప్రమాదమైనది ఒకటుంది. పెన్‌డ్రైవు నుంచి కంప్యూటరులోకి ఫోటోను ఈడిస్తే విండోస్ దానికి నకలు తీస్తుంది. అసలుది పెన్‌డ్రైవులోనే ఉంటుంది. కాని ఒకే డ్రైవులో ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకు ఈడిస్తే నకలు తీయదు, ఉన్నదాన్నే జరిపేస్తుంది. చేసే పని ఒకటే, ఫలితం వేరు! పెన్‌డ్రైవులోనే 'భద్రం' అని ఇంకో ఫోల్డరు చేసి జాతర ఫోటోలను అందులోకి ఈడ్చారనుకోండి. రెండు చోట్లా ఉన్నాయనుకుని 'భద్రం'ను తుడిచేస్తే నాయనమ్మ ఫోటో ఇక లేదు. పెన్‌డ్రైవులో తుడిచినవి చెత్తబుట్టలోకి కూడా పోవు. (ఈ నియమం పెట్టినవారు ఒక్క నిమిషం పిల్లల్ని అడిగి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.)

దీనికీ ఉపాయముంది. ఎడమ బటనుకు బదులు కుడి బటను నొక్కి ఈడ్చండి. వదలగానే నకలు తీయాలా, జరపాలా, లేక ఊరుకోవాలా అని కంప్యూటరే అడుగుతుంది. దారిలో మనసు మారితే బటను వదలకముందే ఎస్కేప్ మీట నొక్కండి, ఫైలు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఎక్కడో జారిపడితే కంట్రోల్ మీటతో జెడ్ నొక్కండి, వెనక్కి వస్తుంది.

చేతులు వణికే పెద్దవారి మాట? బటను అదిమి ఉంచడమే వారికి అసాధ్యం కావచ్చు. 2023లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలలో ఒక నియమం చేర్చారు: ఈడ్వడంతో జరిగే ప్రతి పనీ, ఈడ్వడమే తప్పనిసరైన చోట తప్ప, ఈడ్వకుండా నొక్కుళ్ళతో కూడా జరగాలి. ఆలోచిస్తే ఇది 1981 నాటి స్టార్ పద్ధతికి దగ్గరే! మన ఫైళ్ళకు ఆ దారి ఎప్పుడూ ఉంది: కంట్రోల్ మీటతో ఎక్స్ నొక్కి కత్తిరించడం, ఫోల్డరు తెరిచి వి నొక్కి అతికించడం. విండోస్‌లో మౌస్ అమరికల్లో 'క్లిక్‌లాక్' అనేది కూడా ఉంది. దాన్ని పెడితే బటనును కాసేపు అదిమి వదిలేయవచ్చు. ఫైలు బాణానికి అంటుకునే ఉంటుంది, ఇంకోసారి నొక్కినప్పుడే దిగుతుంది. మీ తాతయ్య చేత ఒకసారి రెండు విధాలా చేయించి, ఎందులో ఫోటో తిన్నగా చేరిందో లెక్క రాయండి.