కలకడ ఆకాశంలో వెలుగుపాము: 18 ఏళ్ల తర్వాత ఫోన్‌తో లెక్క తేల్చా

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ చూస్తాం, కెమెరా చూస్తాం, ఛార్జింగ్ ఎన్ని వాట్లో చూస్తాం. స్పెక్స్ షీట్‌లో అట్టడుగున 'కంపాస్, గైరోస్కోప్, యాక్సెలరోమీటర్' అని ఒక లైన్ ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ మధ్య ఊరెళ్లినప్పుడు మా ఇంట్లో 18 ఏళ్లుగా నలుగుతున్న ఒక విషయం ఆ లైన్‌లో ఉన్న సెన్సార్లతోనే తేలింది. ఎలాగో చెప్తా.

మాది కలకడ, అప్పటి చిత్తూరు జిల్లా. నేను మూడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం, పొద్దుగూకే వేళ మిద్దె మీద ఆడుకుంటున్నాం. మా పెద్దమ్మ కొడుకు "రేయ్, అట్ల చూడ్రా" అని తూర్పు వైపు వేలు చూపించాడు. కొండల మీద తెల్లటి గీత ఒకటి నిలువుగా లేచింది. కాసేపటికి అది వంకర్లు తిరిగి అచ్చం పాములా అయింది. కింద నారింజ రంగు, పైన వెండి రంగు. శబ్దం మాత్రం లేదు. చాలాసేపు అలాగే ఉండి, కింది నుంచి పైకి మెల్లగా ఆరిపోయింది.

అవ్వ పైకొచ్చి చూసి, "తోకచుక్కరా అది, వేలు పెట్టి చూపించకూడదు" అని అన్నను కిందికి లాక్కెళ్లింది. మూడు వారాలకు తాత పోయాడు. ఆయనకు గుండె జబ్బు అంతకు ముందు నుంచే ఉంది. అయినా కర్మల రోజున చుట్టాల్లో ఎవరో "పిల్లోడు వేలు పెట్టి చూపించినాడంట కదా" అన్నారు. అన్నకప్పుడు 12 ఏళ్లు. ఆ తర్వాత ఊళ్లో వాడికి 'తోకచుక్కోడు' అని పేరు పడింది. అందరికీ అది జోకే. వాడు మాత్రం నవ్వగా నేను చూడలేదు.

అందుకే ఇది నాకు సరదా ప్రాజెక్టు కాదు.

ముందు జ్ఞాపకాన్ని నమ్మొచ్చో లేదో తేలాలి. మిద్దె మీద నుంచి తూర్పు దిక్కంతా ఒక పనోరమా తీసి, కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్న అన్నకు వాట్సాప్‌లో పంపా. కారణం చెప్పలేదు. "ఆ రోజు చూసింది ఎక్కడో గుండ్రంగా గీసి పంపు" అన్నానంతే. వాడు ఐదు నిమిషాల్లో పంపాడు. నేను అంతకు ముందే నా ఫోన్‌లో విడిగా ఒక గుర్తు పెట్టుకున్నా. రెండూ దాదాపు ఒకే చోట ఉన్నాయి.

ఇప్పుడు ఆ చోటు ఏ దిశో కొలవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: మిద్దె మీద కంపాస్ పెడితే స్లాబులో ఉన్న ఇనుప కడ్డీలు దాన్ని తిప్పేస్తాయి. కింద ఖాళీ స్థలంలోకి వెళ్లి, ఫోన్‌ను గాల్లో 8 ఆకారంలో తిప్పి, సూర్యుడి దిశను స్టెలేరియం యాప్‌తో సరిచూసుకున్నా. వచ్చిన రీడింగ్ 96 డిగ్రీలు. అంటే తూర్పుకు కాస్త దక్షిణంగా. క్లినోమీటర్ యాప్‌తో ఎత్తు కూడా కొలిచా. అన్న గీసిన గుండ్రం పై అంచు దాదాపు 15 డిగ్రీల దగ్గరుంది. యాప్ లేకపోయినా పర్లేదు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు.

గూగుల్ ఎర్త్‌లో కలకడ నుంచి ఆ దిశలో గీత లాగితే తిరుమల కొండల వైపుగా వెళ్లి శ్రీహరికోట పరిసరాల్లో తేలింది. నేరుగా షార్‌కు గీస్తే 94 డిగ్రీలు, దూరం దాదాపు 155 కిలోమీటర్లు. రెండు డిగ్రీల తేడా అంటే వేలు మందం. 18 ఏళ్ల నాటి జ్ఞాపకానికి ఇది చాలా ఎక్కువ.

దిశ సరిపోయినంత మాత్రాన రాకెట్ అని తేలిపోదు. తేదీ కావాలి. అన్నకూ నాకూ ఇద్దరికీ గుర్తున్న విషయం ఒకటుంది. ఆ సాయంత్రం గుడి ముందు ఉట్ల మాను నిలబెట్టే పని జరుగుతోంది. అంటే కృష్ణాష్టమి దగ్గర్లో ఉంది. శ్రీహరికోట పాత ప్రయోగాల జాబితాలో, నా చిన్నప్పుడు, సాయంత్రం పూట, ఈ కాలంలో ఎగిరినవి వెతికితే నాకు రెండు పేర్లు దొరికాయి. ఎడ్యుశాట్‌ను మోసుకెళ్లిన జీఎస్ఎల్వీ-ఎఫ్01 ఒకటి, 2004 సెప్టెంబర్ 20న. కానీ ఆ ఏడాది కృష్ణాష్టమి సెప్టెంబర్ మొదట్లోనే అయిపోయింది, 20 నాటికి వినాయకుళ్లు వీధుల్లో ఉంటారు. పైగా అప్పటికి నేను బడిలోనే చేరలేదు. రెండోది జీఎస్ఎల్వీ-ఎఫ్04. 2007 సెప్టెంబర్ 2, ఆదివారం, సాయంత్రం 6.20. కృష్ణాష్టమికి రెండు రోజుల ముందు. నేను మూడో తరగతి.

ఇక్కడే నాకు ఒళ్లు జలదరించిన వివరం దొరికింది. ఆ రాకెట్ అసలు 6.20కి ఎగరాల్సింది కాదు. సాయంత్రం 4.21కి ముహూర్తం. చివరి సెకన్లలో కౌంట్‌డౌన్ ఆగిపోయి, సమస్య సరిచేసి, రెండు గంటలు ఆలస్యంగా వదిలారు. 4.21కే వెళ్లి ఉంటే ఎర్రటి ఎండలో 155 కిలోమీటర్ల అవతల పొగ గీతను మా ఊళ్లో ఎవరూ గమనించేవాళ్లు కాదు.

6.20 ఎందుకంత స్పెషల్ అంటే, శ్రీహరికోటలో అప్పుడే సూర్యుడు అస్తమించాడు. మా ఊళ్లో ఇంకో నాలుగైదు నిమిషాల్లో అస్తమిస్తాడు. నేల మీద చీకటి పడుతున్నా పైన ఎండ పోదు. సూర్యుడు క్షితిజం కిందికి 4 డిగ్రీలు దిగితే భూమి నీడ 15 కిలోమీటర్ల ఎత్తు దాకా వస్తుంది. 6 డిగ్రీలు దిగితే, అంటే అస్తమించాక దాదాపు 25 నిమిషాలకు, 35 కిలోమీటర్లకు చేరుతుంది. దాని పైన ఉన్న పొగకు ఇంకా ఎండ తగులుతూనే ఉంటుంది. నీడ పైకి ఎక్కుతున్న కొద్దీ పొగ కింది నుంచి నారింజ రంగుకు మారి ఆరిపోతుంది. మేం చూసింది సరిగ్గా అదే. రాకెట్ అని నన్ను ఒప్పించింది దిశ కాదు, ఈ 'కింది నుంచి పైకి' ఆరడమే.

పాము ఆకారానికి కారణం గాలి. జీఎస్ఎల్వీ మొదటి దశలో దాదాపు 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అందులో అల్యూమినియం పొడి కలుస్తుంది కాబట్టి, కాలాక తెల్లటి అల్యూమినియం ఆక్సైడ్ పొగ వదులుతుంది. మన దగ్గర వానాకాలంలో 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి ఉంటుంది. మిగతా ఎత్తుల్లో గాలి వేగం, దిశ వేరే. నిటారు పొగ కాస్తా తలోవైపు లాగినట్టు అవుతుంది. శబ్దం రాకపోవడం కూడా న్యాయమే, అంత దూరం నుంచి చప్పుడు ప్రయాణించాలంటేనే ఏడు నిమిషాలకు పైగా పడుతుంది, వినపడేంత బలం మిగలదు.

వేరే అనుమానాలు కూడా చూశా. స్టెలేరియంలో ఆ తేదీ పెడితే సాయంత్రం తూర్పున పెద్ద గ్రహం ఏదీ లేదు, శుక్రుడు తెల్లవారుజామున ఉన్నాడు. తోకచుక్క అయితే రోజుల తరబడి కనిపిస్తుంది, నిమిషాల్లో వంకర్లు తిరగదు. స్టార్‌లింక్ పుట్టింది 2019లో. నమ్మకం కుదరకపోతే 2017 డిసెంబర్ 22 నాటి ఫాల్కన్ 9 ప్రయోగాన్ని కాలిఫోర్నియాలో తీసిన వీడియోలు యూట్యూబ్‌లో చూడండి. 2022 డిసెంబర్ 15న అగ్ని-5 పరీక్ష జరిగినప్పుడు బెంగాల్ జనం కూడా ఇలాగే ఆశ్చర్యపోయి ఫోన్లు పైకెత్తారు.

ఇదంతా ముందు అవ్వకు చెప్పా. శ్రద్ధగా విని, "రాకెట్టే కానీరా, ఆ నెల్లోనే గదా ఆయన పోయింది" అంది. దానికి ఏ యాప్‌లోనూ జవాబు లేదు. తర్వాత అన్నకు మ్యాప్, గీత, టైమింగ్ అన్నీ పంపా. బ్లూ టిక్ పడింది, రాత్రి దాకా జవాబు లేదు. పదకొండింటికి వాయిస్ మెసేజ్: "అయితే ఆ పొద్దు సాయంత్రం టైమ్‌కు ఎగిరుంటే మనకు కనపడేదే కాదా?" అవునన్నా. "దీన్ని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టు. తెలుగులో పెట్టు, అందరికీ అర్థమయ్యేట్ల" అన్నాడు. పెట్టా. రాకెట్ మోసుకెళ్లిన ఇన్‌శాట్-4సీఆర్ డీటీహెచ్ టీవీ కోసం చేసిన శాటిలైట్ అని కూడా చేర్చా. చిన్నాన్న నవ్వుతున్న ఎమోజీ పెట్టాడు, పెద్దమ్మ ఏమీ రాయలేదు.

మీరూ చూడాలనుకుంటే ప్రయోగం టైమ్‌ను సూర్యోదయ, సూర్యాస్తమయాలతో పోల్చుకోండి. అస్తమించాక అరగంట లోపు, లేదా ఉదయించే ముందు అరగంటలో ఉంటే ఛాన్స్ బాగుంటుంది. 2025 జనవరి 29న ఉదయం 6.23కి వెళ్లిన జీఎస్ఎల్వీ-ఎఫ్15, శ్రీహరికోట వందో ప్రయోగం, ఇలాంటి టైమింగే. మదనపల్లె, పుంగనూరు వాళ్లు తూర్పుకు కాస్త ఉత్తరంగా చూడాలి, కుప్పం వాళ్లు ఈశాన్యం వైపు. జీఎస్ఎల్వీ మనకు దూరంగా తూర్పుకు పోతుంది, పీఎస్ఎల్వీ చాలాసార్లు కుడివైపుకు, దక్షిణానికి తిరుగుతుంది. ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టి, ఫోకస్ ఇన్ఫినిటీకి లాక్ చేసి, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి వీడియో ఆన్ చేసేయండి. జూమ్ జోలికి పోవద్దు. రాకెట్ వెళ్లిపోయిందని ఆపేయకండి, అసలు సంగతి ఆ తర్వాత 20 నిమిషాల్లో ఉంటుంది.