వార్తల్లో పదం: హెల్త్ సేవింగ్స్ అకౌంట్

వైద్య ఖర్చుల కోసం అమెరికాలో పన్ను మినహాయింపుతో డబ్బు దాచుకునే ఖాతా ఇది. క్లుప్తంగా హెచ్‌ఎస్‌ఏ. 2003 నాటి చట్టంతో వచ్చింది. డిడక్టిబుల్, అంటే బీమా ఆదుకునేలోపు మనం భరించాల్సిన మొత్తం, ఎక్కువగా ఉన్న పాలసీదారులకే దీన్ని పరిమితం చేశారు. 2026 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమా మార్కెట్‌ప్లేస్‌లో, ప్రీమియం తక్కువగా ఉండే బ్రాంజ్ ప్లాన్లు తీసుకున్నవారికీ అర్హత కల్పించడంతో వార్తల్లోకెక్కింది.

2026లో ఒక్కరికైతే 4,400, కుటుంబానికైతే 8,750 డాలర్ల దాకా జమ చేయొచ్చు. జమకూ, దానిపై రాబడికీ, వైద్యానికి తీసే సొమ్ముకూ ఫెడరల్ పన్ను ఉండదు. మిగిలింది మురిగిపోదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ మాత్రం రాష్ట్ర పన్నులో ఈ వెసులుబాటు ఇవ్వవు.

అమెరికాలో పెద్దల పంటివైద్యం చాలా ఆరోగ్య పాలసీల్లో ఉండదు. పిప్పిపన్ను పూడ్చడం, రూట్ కెనాల్, పిల్లల పళ్లకు క్లిప్పులు, కట్టుడుపళ్లు... వీటికి ఈ ఖాతా నుంచి చెల్లించొచ్చు. జీవిత భాగస్వామికి, పన్ను లెక్కల్లో ఆధారితులైన పిల్లలకు వేరే బీమా ఉన్నా సరే, వారి ఖర్చుకూ వాడొచ్చు. అందం కోసం పళ్లు తెల్లగా చేయించుకుంటే కుదరదు. 65 ఏళ్లలోపు ఇతర అవసరాలకు వాడితే ఆదాయ పన్నుతోపాటు 20 శాతం జరిమానా. అందుకే రసీదులు దాచుకోవాలి.