ఏటేటా అడుగు ప్రశ్న

ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరుగునని పెద్దలందురు. అమెరికా, చైనాల పోటీ నడుమనున్న ఆగ్నేయాసియా దేశముల భయము ఇట్టిదే. ఆ దేశముల మనోగతమును ఏటేటా పరిశీలించు సంస్థ యొకటి సింగపూరులో గలదు.

1968లో పార్లమెంటు శాసనముచే ఏర్పడిన ఈ ఆగ్నేయాసియా అధ్యయన సంస్థకు 2015లో ఆ దేశపు ప్రథమాధ్యక్షుడైన యూసఫ్ ఇషాక్ పేరును చేర్చిరి. ఆ ప్రాంతపు రాజకీయార్థిక పరిస్థితులను సమీక్షించు వార్షిక సంపుటమును ఇది 1974 నుండి వెలువరించుచున్నది. 2019లో మరొక వార్షిక కార్యమును చేపట్టినది. అది అధికారులు, పండితులు, వర్తకులు, పాత్రికేయులు మున్నగువారి అభిప్రాయ సేకరణము.

అందలి ఒక ప్రశ్న మిక్కిలి ప్రసిద్ధము. ఆ ప్రాంత దేశముల కూటమియగు ఆసియాన్, ఈ రెండు రాజ్యములలో ఒకదాని పక్షము వహింపక తప్పనిచో, ఎవరి వైపు నిలువవలెను? 2023లో నూటికి 61.1 మంది అమెరికా వైపనిరి. 2024లో 50.5 మంది చైనా వైపనిరి. 2025లో 52.3 మంది మరల అమెరికా వైపు మొగ్గిరి.

ఒక్క యేటి అంకెను మాత్రమే చూచినచో అది తీర్పువలె తోచును. మూడేండ్ల అంకెలను ప్రక్కప్రక్కన నుంచినచో ఊగిసలాడు మనస్సు కనబడును. పైగా ఇది విజ్ఞుల అభిప్రాయమే కాని సామాన్య ప్రజల వోటు కాదు.

ఇరుపక్షముల ఒత్తిడిని ఎట్లు ఎదుర్కొనవలెనని 2024లో అడుగగా, నూటికి 46.8 మంది ఆసియాన్ తన ఐకమత్యమును, శక్తిని పెంచుకొనవలెననిరి. తక్కిన యే మార్గమునకును అంత మద్దతు లభింపలేదు. పక్షము వహింపుమన్నప్పుడు రెండుగా చీలినవారు, స్వశక్తి మాట వచ్చినప్పుడు దగ్గరైరి. పత్రికల శీర్షికల కెక్కిన మొదటి అంకెకంటె విద్యార్థులు గమనింపదగినది ఈ రెండవ అంకెయే.