సంఘపు లెక్కలు – అద్దె కంప్యూటర్లు

మన పరపతి సంఘములలో చిట్టా, ఆవర్జాలు కంప్యూటరులోనికి మారుచున్న సంగతి సభ్యులెఱిగినదే. దేశమందు పనిచేయుచున్న 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను ఐదేండ్లలో ఈ పద్ధతికి దెచ్చుటకై కేంద్ర మంత్రివర్గము 2022 వ సంవత్సరము జూన్ 29 వ తేదీన 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. సంఘములకు ఉమ్మడిగా నొక సాఫ్టువేరు ఉండుననియు, అది క్లౌడ్ మీద నడచుననియు ఆ పథకమున జెప్పబడినది. ఈ క్లౌడ్ అననేమి, దానివలన మనకు లాభమేమి యని తిరువూరు ప్రాంతపు సభ్యులు కొందఱు ప్రశ్నించుచున్నారు గనుక ఇచ్చట వివరించుచున్నాము.

క్లౌడ్ అనగా మేఘము. పేరు ఆకాశముదే గాని వస్తువు నేలమీదనే యున్నది. పెద్ద భవనములలో వేలకొలది కంప్యూటర్లను నిలిపి, రేయింబవళ్లు విద్యుత్తును చల్లదనమును తప్పకుండ జూచుచు, వాని శక్తిని ఇంటర్నెట్టు ద్వారా దూరమువారికి అద్దెకిచ్చుటయే యీ వ్యాపారము. అమెజాన్ సంస్థ 2006 లో ఇట్టి సేవలను మొదలిడి, 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమునందును కేంద్రములను దెఱచినది.

మిరప పండించు రైతు తన పెరటిలో కోల్డు స్టోరేజీ కట్టుకొనడు గదా. బస్తాకింతయని అద్దె చెల్లించి సరకు నచ్చట నుంచును. ధర వచ్చినపుడు తీసి యమ్మును. యంత్రము చెడినచో బాగుచేయు బాధ గిడ్డంగివానిది. సంఘమునకును ఇదే లెక్క. సొంతముగా సర్వరు కొనినచో ఒక్కసారిగా పెద్దమొత్తము పెట్టవలెను, దానికొక గది, ఇన్వర్టరు, పనితెలిసిన మనిషి కావలెను, కొన్నియేండ్లకది పాతబడును. పైగా పంట ఋణములు తిరగవ్రాయు దినములలో పని పోటెత్తును, తక్కిన నెలలలో యంత్రము ఊరక పడియుండును. అద్దె పద్ధతిలో పని హెచ్చినపుడు శక్తి హెచ్చు తీసికొని, తగ్గినపుడు తగ్గించుకొనవచ్చును. ఒకే ఆవర్జా సంఘమునకును, జిల్లా కేంద్ర బ్యాంకునకును, ఆప్కాబుకును కనబడినచో రెండుచోట్ల లెక్కలు పొసగక సభ్యుడు తిరుగవలసిన తిప్పలును చాలవఱకు తగ్గును.

అయినను మా యభిప్రాయమున ఖర్చు కంటె భద్రతయే ముఖ్యమైనది. మైలవరపు కొండలలో బుట్టిన బుడమేరు 2024 సెప్టెంబరు మొదట పొంగి విజయవాడలో ఎన్ని పేటలను ముంచెనో చూచితిమి. ఒకే గదిలో, ఒకే బీరువాలోనో ఒకే కంప్యూటరులోనో ఉన్న లెక్క అట్టినాడు నీటిపాలగును. ఋణము తీర్చిన రైతునకు తీర్చినట్లు సాక్ష్యము పోవును. దూరదూరముగా రెండు మూడు కేంద్రములలో ప్రతులున్నచో ఒకటి పోయినను వేఱొకటి మిగులును. కాని ఈ ప్రతులు వాటంతట నవియే ఏర్పడవు. ఒడంబడికలో వ్రాయించుకొనవలెను; అప్పుడప్పుడు ఆ ప్రతినుండి లెక్కను తిరిగి తెప్పించి సరిచూడవలెను.

ఇందు చిక్కులు లేకపోలేదు. గాలివానకు ఇంటర్నెట్టు తెగినచో ఆ పూట పని నిలుచును. కావున రెండవ దారి యొకటి, సెల్‌ఫోను ద్వారానైనను, సిద్ధముగా నుండవలెను. అద్దె ప్రతిసంవత్సరమును వచ్చు ఖర్చే. గుమాస్తా తప్పు పద్దు వ్రాసినచో క్లౌడు దానిని దిద్దదు, అట్లే భద్రపఱచును. పాస్‌వర్డు కాగితముమీద వ్రాసి గోడకంటించుట బీరువా తాళముచెవిని తలుపునకు వ్రేలాడదీయుటయే యగును. అన్నిటికంటె మెలకువ వహింపవలసినది మఱియొకటి: యంత్రము పరులదైనను లెక్క సంఘముదే. ఒడంబడిక ముగిసిననాడు మన లెక్కలన్నియు, ఇతర సాఫ్టువేరులోనికి మార్చుకొన వీలైన రూపమున, ఎన్నిదినములలో తిరిగి యిత్తురో ముందే స్పష్టము కావలెను. మహాజనసభలో సభ్యులు అడుగదగిన ప్రశ్న యిది. మా ఆవర్జాను ఎవరెవరు తెఱచి చూడగలరు, ఎవరెప్పుడు మార్చిరో గుర్తు మిగులునా యనియు కార్యదర్శిని అడుగవచ్చును.

కొత్త పద్ధతికి మారు సమయమున పాత ఆవర్జాలోని నిలువలే కంప్యూటరులోనికి ఎక్కును. కావున ప్రతిసభ్యుడును తన పాసుపుస్తకముతో సంఘ కార్యాలయమునకు వచ్చి, తన పేరిట ఎక్కిన అసలు, వడ్డీ, వాటాధనము సరిగానున్నవో లేవో చూచుకొని, ముద్రిత ప్రతిని తీసికొనిపోవలెను.